చేతులు తడిపేవాడు

బఫే తలుపు దగ్గర నిలబడతాను.
పూటకి మూడువేల చేతులు తడుపుతాను.
లంచం కాదు లెండి,
సీసా నొక్కితే జిల్లున జారే చుక్క.
"రుద్దండి, రుద్దండి" అంటూ నవ్వాలి.
నవ్వు జీతంలో కలిసే ఉంది.

మొహాలు గుర్తుండవు నాకు. అరచేతులే.
పాప చేతికి ఐస్‌క్రీం జిగురు,
టెక్సాస్ పెద్దాయన వేళ్లకి మూడు ఉంగరాలు,
వాటి కింద నా చుక్క చేరలేని తెల్లటి గీతలు.
కొందరు చేతులు జేబుల్లో దాచుకుని దూరిపోతారు
టిక్కెట్టు లేకుండా బస్సెక్కిన కుర్రాళ్లలా.
వాళ్లని ఆపకూడదు. అడగాలి.
నవ్వుతూ అడగాలి.

తొమ్మిదో అంతస్తు రాగ్న్‌హిల్డ్ గారు మాత్రం
తీర్థానికి పట్టినట్టు దోసిలి పట్టేవారు.
ఎనభై దాటిన వేళ్లు, అల్లం కొమ్ముల్లా వంకర్లు.
"నీ పేరేంటబ్బాయ్?"
రోజూ అడిగేవారు.
"రొడేలియో."
రోజూ చెప్పేవాణ్ణి.
ఆ మతిమరుపు మా ఇద్దరికీ అలవాటైపోయింది.

నాలుగో రోజు వాంతులు మొదలయ్యాయి.
మావాళ్లు ఆ మాట పైకి అనరు,
వైర్‌లెస్‌లో ఒక అంకె చెబుతారు, అంతే.
రాత్రికి రాత్రి బల్లల మీద ఉప్పు సీసాలు మాయం.
గరిటెలన్నీ మా చేతుల్లోకొచ్చాయి.
మెట్ల కమ్మీలకి గంటకోసారి బ్లీచింగ్ స్నానం.
తొమ్మిదో అంతస్తులో ఒక తలుపుకి
పసుపు సంచి వేలాడింది.
మర్నాడు ఆ దోసిలి రాలేదు.
నేనెవర్నీ అడగలేదు.
ఏ నవ్వుతో అడగాలో నాకు నేర్పలేదు.

రొయతాన్‌లో మూడు గంటల సెలవు.
రేవులో అడుగు పెడితే వజ్రాల కొట్లు, ఏసీ చలి,
సగం ధరకే అని అరిచే అద్దాలు.
ఓడ జనం సంచులు నింపుకుంటున్నారు:
కప్పుల మీద ఆ దీవి పేరు,
కప్పుల అడుగున చిన్న అక్షరాల్లో ఇంకో దేశం పేరు.
కొట్ల వెనక, బస్సులు మళ్లే మట్టిలో,
చిరుగు గొడుగు కింద యులాలియా కూర్చుంది.
చెల్లెలి కోసం గవ్వల గొలుసు బేరమాడాను.
ఎనిమిదంది. నాలుగన్నాను.
అన్నాక సిగ్గేసింది,
పై డెక్కు మీద రోజూ వినే గొంతు
నా నోట్లోంచి వచ్చిందని.

ఆమె గొలుసు పక్కన పెట్టి
నా చెయ్యి తిప్పి చూసింది.
వాన లేని మడిలా బీటలు,
వేళ్ల సందుల్లో ఎర్రటి పచ్చి.
తన భాషలో గట్టిగా తిట్టింది,
నన్నో, ఓడనో, సీసానో.
గొడుగు కింది నుంచి కొబ్బరినూనె బుడ్డి తీసి
రెండూ కలిపి పదంది.
చేతిచమురు వదలడమంటే ఇదే కాబోలు.
నవ్వొచ్చింది.
జీతంలో లేని నవ్వు.

చివరి రాత్రి కవర్లు తిరుగుతాయి.
తువ్వాళ్లతో ఏనుగులు మడిచిన బుడియోనోకి నలభై డాలర్లు,
వైను పోసిన పిల్లకి అరవై.
ఇంకొందరు రిసెప్షన్ ముందు వరసకట్టారు
బిల్లులోంచి టిప్పు కొట్టేయించుకోడానికి.
ఆ వరసకీ నన్నే పంపారు, సీసాతో.
ఉంగరాల పెద్దాయన చెయ్యి చాపారు. తడిపాను.
"రోజుకి పదహారా! మరీ ఎక్కువ" అన్నారు,
నాతో కాదు, చేతులు రుద్దుకుంటూ గాల్లోకి.
తలుపు దగ్గరవాడికి కవరుండదు.
అది ఫిర్యాదు కాదు. ఉండదు, అంతే.

తెల్లారి మయామీ. పెట్టెల చక్రాల గోల.
చక్రాల కుర్చీలో, మాస్కు పైన రెండు కళ్లు.
దూరం నుంచే నన్ను చూసి
రాగ్న్‌హిల్డ్ గారు దోసిలి పట్టారు.
నా దగ్గర సీసా లేదు.
డ్యూటీ దిగాను.
జేబులో నూనె బుడ్డి మాత్రం ఉంది.
ప్రయాణికుల్ని తాకకూడదని రూలు.
రెండు చుక్కలు వేసి
ఒక్కో అల్లం కొమ్మూ నెమ్మదిగా రుద్దాను.
"నీ పేరేంటబ్బాయ్?"
చెప్పాను.

ఒంటిగంటకి కొత్త చేతులు ఎక్కడం మొదలైంది.
కొత్త సీసా మూత తిప్పబోతే
వేళ్లు జారాయి.